పదహారో తారీఖు సెలవు

ఆగస్టు 15 సెలవన్న సంగతి తెలుసు కాబట్టే, ఆ పూటంతా రైల్లో గడిచిపోయేటట్టు లెక్క వేసుకొని, 2022 ఆగస్టు 16 ఉదయానికి పుదుచ్చేరిలో ఉండేలా కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చెంగల్పట్టులో దిగి, తిండివనం మీదుగా వెళ్ళే బస్సులో సగం దూరం నిలబడే ప్రయాణం చేసి, బస్టాండు నుంచి నడిచినా వెళ్ళగలిగేంత దూరానికి ఆటో అతను అడిగిన రెండు వందలూ నోరెత్తకుండా ఇచ్చి, పదిన్నరకు నాకు పనిపడ్డ ప్రభుత్వ కార్యాలయం ముందు దిగితే గేటుకు తాళం వేసి ఉంది. లోపల వేపచెట్టు కింద కుర్చీలో పత్రిక చదువుకుంటున్న కాపలాదారు ఈ రోజు సెలవని తమిళంలో చెప్పి, నా ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, "డీజ్యూర్ డే సార్" అని వివరణ కూడా ఇచ్చాడు, అంటే ఫ్రెంచివాళ్ళ పుదుచ్చేరి చట్టప్రకారం భారతదేశానిదైన రోజు. పెద్దవాళ్ళంతా పొద్దున్నే కీళూరులో జెండా ఎగరేయడానికి వెళ్ళారని అతనే చెప్పాడు.

మా పెద్దమ్మకు ఫోను చేస్తే యానాం నుంచి పకపకా నవ్వింది. "ఇక్కడా సెలవే కదరా, బయలుదేరే ముందు నన్నడిగితే చెప్పేదాన్ని" అంది. నేను వచ్చింది ఆవిడ పనిమీదే. తాతగారు 1946లో యానాంలో ఫ్రెంచి సర్కారు బడిలో పంతులుగా చేరి, జెండా మారినా బడి మారకుండా 1979 దాకా అక్కడే పనిచేశారు. అమ్మమ్మ పోయిన తరువాత, భర్తను పోగొట్టుకొని పుట్టింట్లోనే ఉండిపోయిన పెద్దమ్మకు కుటుంబ పింఛను రావాలంటే తాతగారి సర్వీసు పుస్తకం కావాలన్నారు, అదేమో ఏనాడో రాజధాని పుదుచ్చేరికి పంపించేశామన్నారు. కాకినాడకు ముప్పై కిలోమీటర్లు కూడా లేని ఊరు, ఏ వైపు అడుగు బయటపెట్టినా ఆంధ్రప్రదేశే తగిలే ఊరు, ఒక కాగితం కోసం 870 కిలోమీటర్ల అవతల ఉన్న రాజధానికి మనిషిని పంపించడం ఎంత విడ్డూరమో యానాం వాళ్ళకు ఇప్పుడు తెలియదు, వాళ్ళకు అలవాటైపోయింది.

నాలుగు రోజుల సెలవులు వరసగా కలిసిరావడంతో బెంగళూరూ చెన్నై కలిసి ఊరి మీద పడ్డట్టు ఉంది. మామూలు రోజుల్లో వెయ్యి రూపాయలకు దొరికే గదికి రెండున్నర వేలు అడిగారు. ఆ గదికి కిటికీ కూడా లేదు. సంచీ అక్కడ పడేసి సముద్రం ఒడ్డుకు నడిచాను. ఆ రోడ్డు పేరు గూబేర్ అవెన్యూ. పెద్ద మార్కెట్టుకూ గూబేర్ పేరే. ఎడ్వర్డ్ గూబేర్ ఎవరో ఫ్రెంచి గవర్నరై ఉంటాడని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఆయన పుదుచ్చేరికి మొట్టమొదటి ముఖ్యమంత్రి. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఇక్కడి ఆమె. ఫ్రెంచి ఇండియా తరఫున పారిస్‌లో జాతీయ సభకు ప్రతినిధిగా కూర్చున్న మనిషి. 1954 మార్చిలో ఒక్కసారిగా భారతదేశంలో విలీనం వైపు తిరిగి, నెట్టపాక్కం అనే ఊళ్ళో తాత్కాలిక ప్రభుత్వం పెట్టాడు. అంతకు ముందు రోజు దాకా ఆయన మనుషుల చేతుల్లో దెబ్బలు తిన్న విలీనవాదులు ఆయన పక్కన నిలబడి జెండా మోయడానికి ఎంత కష్టపడి ఉంటారో ఊహించుకుంటూ, ఆ రోడ్డు మీద ఇరవై రూపాయల సుండల్, అదే మన గుగ్గిళ్ళు, ముప్పైకి కొనుక్కుని తిన్నాను.

ఎలాగూ రోజు పోయింది కదా అని కీళూరు వెళ్ళాను. విల్లియనూరు దాకా టౌను బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. ఈ రెండో బస్సు ప్రయాణమే నాకు మొత్తం యాత్రలో గుర్తుండిపోయింది. పుదుచ్చేరి భూభాగం ఒకే ముక్క కాదని, తమిళనాడు మధ్యలో చెల్లాచెదురుగా పడి ఉన్న తునకలని పటంలో చూసి తెలుసుకోవడం వేరు, బస్సులో కూర్చుని చూడడం వేరు. ఒక మలుపులో తమిళనాడు ప్రభుత్వ బోర్డు, కొంచెం దూరం పోగానే పుదుచ్చేరి ప్రభుత్వ బోర్డు, మళ్ళీ మొదటిదే. సరిహద్దు ఎక్కడ ఉందో బోర్డులు చూడకపోయినా తెలుస్తుంది, ఎందుకంటే పుదుచ్చేరి మొదలైన చోటల్లా వరసగా మద్యం దుకాణాలుంటాయి. ఇది యానాం నుంచి మనకు తెలిసిన గుర్తే. నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో ఒక బుట్ట, బుట్టలో రెండు కోళ్ళు, వాటి మీద తడి గుడ్డ. బస్సు కుదిపినప్పుడల్లా ఆ గుడ్డ ఒక మూల లేచేది, ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే ఎడమ బొటనవేలితో దాన్ని నొక్కేది. ఇలాంటి తునకల మీద అప్పట్లో ఫ్రెంచివాళ్ళు నాకాలు పెట్టి, ఇటు మనవాళ్ళు రాకపోకలు కట్టడి చేస్తే, బుట్టలో కోళ్ళు పెట్టుకొని పక్క ఊరు వెళ్ళే ఆవిడ ఎన్ని దేశాలు దాటి ఉండేదో.

నేను దిగేసరికి కీళూరులో పండుగ అయిపోయింది. షామియానా విప్పుతున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీలను పదేసి చొప్పున ఒకదాంట్లో ఒకటి దూర్చి మినీ లారీలోకి విసురుతున్నారు. స్మారక స్తంభం పాదాల దగ్గర బంతిపూల రేకులను మేక ఒకటి తీరిగ్గా తింటోంది, దాన్ని తోలేవాళ్ళు లేరు. 1954 అక్టోబరు 18న ఈ ఊళ్ళోనే ఓటింగు జరిగింది. ప్రతినిధుల సభ సభ్యులూ, మునిసిపల్ సభ్యులూ కలిపి 178 మంది. విలీనానికి అనుకూలం 170, వ్యతిరేకం 8. మూడు రోజుల తరువాత ఢిల్లీలో ఒప్పందం, నవంబరు 1న పాలన చేతులు మారింది.

చెట్టు నీడలో కూర్చున్న ఒక పెద్దాయన నేను ఫోనులో పెద్దమ్మతో మాట్లాడడం విని, "తెలుగువారా?" అని అడిగారు. వాళ్ళ ఇంట్లోనూ తెలుగేనట, తాతల నాటి నుంచి. ఆయన తెలుగు నాకు సగమే అర్థమైనా వినడానికి ఎంతో బాగుంది. ఓటింగు జరిగిన రోజుకు ఆయనకు ఎనిమిదేళ్ళు. ఓటింగు ఏమైనా చూశారా తాతగారూ అంటే, "పిల్లోళ్ళను దగ్గరికి రానీలేదు నాయనా. జీపులు వచ్చె. అన్ని జీపులు మేము ఎన్నడూ చూడలే. దుమ్ములో వాటి వెనక పరిగెత్తితిమి" అన్నారు. యానాం పేరు చెబితే కాసేపు ఆలోచించి, "మీవారు ఆ పొద్దు రాలేదు" అన్నారు.

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది, కానీ నిజమే. కీళూరులో ఓటు వేసినవాళ్ళు పుదుచ్చేరి, కారైకాల్ ప్రతినిధులే. యానాం అప్పటికే, జూన్ 13న, తన దారిన తాను వచ్చేసింది. ఫ్రెంచి పోలీసు ఉద్యోగం వదులుకొని ఉద్యమంలోకి దిగిన దడాల రఫేల్ రమణయ్య, ఫరంపేటలో పుట్టిన మనిషి, కార్యకర్తలతో ఊళ్ళోకి వచ్చి పాలనను చేతిలోకి తీసుకొని కొద్ది వారాలు తానే నడిపారు. మరుసటి నెలలో కేరళ వైపున్న ఫ్రెంచి ఊరు మాహే కూడా అలాగే వచ్చింది. కాబట్టి ఫ్రెంచివాళ్ళ తరువాత తొలి ప్రభుత్వం ఏదని ఎవరైనా అడిగితే, మా అమ్మమ్మ ఊరి వాళ్ళు దడాల గారి పేరు చెబుతారు, పుదుచ్చేరి వాళ్ళు గూబేర్ పేరు చెబుతారు. రెండింటికీ మధ్య తొమ్మిదేళ్ళు ఉన్నాయి.

ఆ తొమ్మిదేళ్ళలో ఏం జరిగిందన్నది తిరుగు బస్సు కోసం ఎదురుచూసిన గంటన్నరలో నాకు నేనే వరస పెట్టుకున్నాను. 1954 నవంబరు 1న వచ్చినది పాలించే అధికారమే, చట్టప్రకారం హక్కు కాదు. ఇక్కడ ఫ్రెంచి వ్యవహారాలకు భారత ప్రతినిధిగా ఉన్న కేవల్ సింగ్ చీఫ్ కమిషనరుగా మారి కూర్చున్నారు. చట్టాలు చాలావరకు ఫ్రెంచివే. 39 మంది ప్రతినిధుల సభ ఫ్రెంచివాళ్ళు పెట్టిపోయినదే, దానికి 1955లోనూ 1959లోనూ ఎన్నికలు జరిగాయి, మధ్యలో సభ్యులు అటూ ఇటూ దూకి ప్రభుత్వం నిలవక, 1958లో సభ రద్దయింది. మంత్రులనే మాట లేదు, కౌన్సిలర్లు అనేవారు. 1956 మే 28న ఆ హక్కును అప్పగించే ఒప్పందం మీద సంతకాలైనా, అల్జీరియా యుద్ధం తెమలనిదే ఇంకో ముక్క వదులుకోవడానికి ఫ్రెంచి పార్లమెంటుకు మనసొప్పలేదు. అల్జీరియాకు 1962 జూలైలో స్వాతంత్ర్యం వచ్చాక గానీ ఆ ఒప్పందం కదలలేదు. ఆ ఏడు ఆగస్టు 16న ఒప్పందం ఆమోద కాగితాలు చేతులు మారాయి. నాకు సెలవు తగిలింది ఆ కాగితాల వల్లే.

ఇక అసలు తొలి ప్రభుత్వం. 1963 జూలై 1న కేంద్రపాలిత ప్రాంతాల చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఎన్నికలేమీ పెట్టలేదు. ఉన్న ప్రతినిధుల సభనే శాసనసభ అన్నారు. ఉన్న సభ్యులే శాసనసభ్యులయ్యారు. కౌన్సిలర్లు మంత్రులయ్యారు. గూబేర్ ముఖ్యమంత్రి అయ్యాడు. అంటే ఒక సామ్రాజ్యం సర్దుకొని వెళ్ళిపోయిన తరువాత ఏర్పడ్డ తొలి ప్రభుత్వంలో కొత్తగా వచ్చి కూర్చున్నవాడంటూ లేడు, గుమ్మం మీద పలక మాత్రమే మారింది. మరుసటి ఏడు 30 స్థానాలకు నిజంగా ఎన్నికలు జరిగినప్పుడు గూబేర్ పోయి, వెంకటసుబ్బ రెడ్డియార్ వచ్చారు. పేరు చివరి ఆ రెడ్డియార్ వినగానే చెట్టు కింది పెద్దాయన తెలుగు గుర్తొచ్చింది. యానాంకు ఆ ముప్పైలో ఒకటే స్థానం, ఇప్పటికీ ఒకటే.

హైదరాబాదులో మనవాళ్ళు చూసినది ఇందుకు పూర్తిగా తిరగేసిన కథ. 1948 సెప్టెంబరు తరువాత మిలిటరీ గవర్నరు చౌదరి, 1950 నుంచి వెల్లోడి, ఇద్దరూ బయటి నుంచి వచ్చినవాళ్ళే. ఎన్నికైన బూర్గుల ప్రభుత్వం కోసం 1952 దాకా ఆగాల్సివచ్చింది. అక్కడ పాత మంత్రుల కుర్చీలు ఖాళీ చేయించారు, ఇక్కడ కుర్చీ నుంచి ఒక్కరినీ లేపలేదు. తాతగారు కూడా లేవలేదు. ఫ్రెంచి పౌరులుగా ఉన్నవాళ్ళు కావాలంటే ఆ పౌరసత్వం నిలుపుకోవచ్చని 1962 తరువాత ఆరు నెలల గడువిచ్చారు. తాతగారితో పాటు పనిచేసిన ఒక పంతులు సంతకం పెట్టాడు. ఆయన పోయాక భార్యకు ఫ్రెంచి పింఛను వచ్చేది. "మీ తాత ఆ రోజు ఒక్క సంతకం పెట్టి ఉంటే" అని మా పెద్దమ్మ ఇప్పటికీ మంగళవారం సంతలో రొయ్యల బేరం ఆడుతూ మధ్యలో అంటుంది. తాతగారిని నేను ఒకసారి అడిగాను. అంత దూరం దేశాన్ని నమ్ముకొని గోదావరి ఒడ్డున ఎలా కూర్చోమంటావురా అన్నారు.

రాత్రి భోజనానికి నూట అరవై. పప్పు లేదు, ముద్దపప్పు అనే పదార్థం ఉంటుందన్న సంగతే వాళ్ళకు తెలిసినట్టు లేదు. మజ్జిగ బాగుంది.

మరునాడు గేటు తెరిచి ఉంది. కాపలాదారు నన్ను గుర్తుపట్టి తానే గది చూపించాడు. గుమాస్తా చిన్నవాడు, ఓపికగలవాడు. యానాంలో అధికార భాష తెలుగే అయినా ఇక్కడి దరఖాస్తు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ మాత్రమే ఉంటే, దాన్ని తన చేత్తోనే నింపుతూ వచ్చాడు. పేరు, బడి పేరు, ఉద్యోగంలో చేరిన తేదీ దాకా సాఫీగా సాగింది. తరువాతి గడి దగ్గర కలం ఆగిపోయింది. భారత ప్రభుత్వ సేవలో చేరిన తేదీ. 1954 నవంబరు 1 అని నేను చెప్పాను. వెనక బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ తలెత్తకుండానే, కాదు, 1962 ఆగస్టు 16 అంది. ఇద్దరూ తమిళంలో కాసేపు వాదించుకున్నారు. యానాం కదా, జూన్ 13 అని ఉంటుందేమో చూడండి అని మూడో బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. చివరికి ఆ గడిలో పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి, చేరిన తేదీకి రుజువుగా బడి నుంచి ఒక పత్రం తెస్తే సర్వీసు పుస్తకం వెదికిస్తామన్నారు. ఆ పత్రం యానాంలోనే ఇస్తారట.