ఫుల్‌స్టాప్ సార్ క్లాసు

మన బ్యాచ్ రీయూనియన్ సావనీర్‌కి రెండు పేజీలు రాసివ్వమని కమిటీ తరఫున బొంగరం ఫోన్ చేశాడు. ప్రిన్సిపాల్‌గారి గురించి, కాలేజీ డే గురించి, మహాబలిపురం పిక్నిక్ గురించి ఎలాగూ తలా ఒకరు రాస్తారు. (గొడుగు సంగతి మాత్రం ఎవరూ ఎత్తకండి. ఆ గొడుగు అమ్మాయి ఇప్పుడు అత్తగారి హోదాలో ఉంది.) నేను ఫుల్‌స్టాప్ సార్ గురించి తప్ప రాయనని అప్పుడే చెప్పేశాను.

మధ్యాహ్నం రెండింటికి కోబాల్ అనే కంప్యూటర్ భాష క్లాసు. మద్రాసు ఎండ, పెరుగన్నం నిద్ర, మొండి ఫ్యాను. సార్ వస్తూనే బోర్డు మీద నిలువు గీతలు గీసేవారు. మొదటి ఆరు గళ్ళు వరుస నంబరుకి, ఏడోది కామెంట్ నక్షత్రానికి, ఎనిమిది నుంచి శీర్షికలుండే ఏరియా ఏ, పన్నెండు నుంచి వాక్యాలుండే ఏరియా బి, 72వ గడి దాటిందంటే నీ రాత కంపైలర్‌కి (మన రాతని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్‌కి) అక్కర్లేదు. కోడింగ్ షీటు మీద పెన్సిలే వాడాలి. సున్నాకి అడ్డగీత లేకపోతే షీటు మొత్తం మళ్ళీ రాయాలి. అంతా అయ్యాక వాక్యాల చివర ఫుల్‌స్టాప్ చుక్కలు లెక్కపెట్టేవారు. నిజంగానే, వేలు పెట్టి.

ఇక డాలర్‌గాడి జీతాల ప్రోగ్రామ్. ఈ కథ తెలియనివాళ్ళు మన బ్యాచ్‌లో లేరు, అయినా రాయకుండా ఉండలేను. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ లెక్కకట్టి జీతానికి కలపాలి, అంతే. వాడు గంటలు దాటితే అని ఇఫ్ షరతు పెట్టాడు, లెక్క కట్టాడు, అక్కడో చుక్క పెట్టేశాడు. కలిపే యాడ్ వాక్యం ఆ చుక్క కింద పడింది. ఆ షరతుని ముగించే ఎండ్-ఇఫ్ అనేది 1985 కోబాల్ స్టాండర్డ్‌తో గానీ రాలేదు. మన రోజుల్లో ఇఫ్‌కి హద్దు ఆ చుక్కే. దాంతో గంటలు దాటినా దాటకపోయినా అందరికీ కలిసింది. కలిసింది కూడా ఎవరిది? ప్రోగ్రామ్ లెక్కలు దాచుకునే వర్కింగ్ స్టోరేజీలో ముందువాడి ఓవర్‌టైమ్ చెరక్కుండా అలాగే ఉంది కదా, అది.

ప్రోగ్రామ్ పంచ్ చేసిన కార్డులిచ్చిన మర్నాడు ప్రింటైన లిస్టింగ్ వచ్చింది. సార్ దాన్ని హాజరుపట్టీలా పైకి చదివారు. వాచ్‌మన్‌కి ఓవర్‌టైమ్, సెలవులో ఉన్న ఫిట్టర్‌కి ఓవర్‌టైమ్, అసలు పనిలోకే రాని మనిషికీ ఓవర్‌టైమ్. "ఎన్నప్పా, ఫ్యాక్టరీ మీ నాన్నదా?" అని అరవంలో మొదలుపెట్టి, కోపం పెరిగేసరికి నెల్లూరికి వచ్చేశారు. "ఒక్క చుక్కతో ఫ్యాక్టరీ మొదలాళిని ముంచేస్తివి కదబ్బా! ఆ బాకీ ఇప్పుడు నువ్వే తీర్చు." క్లాసు క్లాసంతా క్యాంటీన్‌కి నడిచింది. బోండాలు, టీలు, అన్నీ డాలర్ ఖాతాలో. సార్ కూడా రెండు బోండాలు తిన్నారు.

ఫైనలియర్‌కి గాలి మారింది. కొత్త భాషలు పాస్కల్ అన్నారు, సి అన్నారు, కోబాల్‌కి రోజులు దగ్గరపడ్డాయన్నారు. అన్నవాళ్ళలో మన కమిటీ సెక్రెటరీగారూ ఉన్నారు, కావాలంటే సెమినార్ నోట్సు చూపిస్తాను. సార్ "చూద్దాం" అని ఊరుకున్నారు. నిజానికి 1959లో కమిటీ కూర్చుని ఆ భాషని తయారుచేస్తుండగానే దాని చావు ఖాయమైపోయింది. పని సాగడంలేదని విసిగిపోయిన కమిటీ సభ్యుడు హొవార్డ్ బ్రోంబర్గ్ పాలరాతి మీద కోబాల్ అని చెక్కించి, ఆ సమాధిరాయిని పెంటగాన్‌లో ఆ పని నడిపిస్తున్న చార్లెస్ ఫిలిప్స్‌కి పంపించాడు. ఆ రాయి ఇప్పుడు కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. కోబాల్‌కేమో 2023లో కొత్త స్టాండర్డ్ వచ్చింది.

కాలేజీ తర్వాత పదేళ్ళు చెప్పుకునేంత ఏమీ లేదు. అంబత్తూరులో ఉద్యోగం, పెళ్ళి, పిల్ల. 1998లో మాత్రం నా దశ తిరిగింది. సంవత్సరానికి రెండే అంకెలు దాచుకుని, 2000ని 1900 అనుకోబోయే ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా మనలాంటివాళ్ళకోసం వెతికాయి. అన్నిచోట్లా నాలుగంకెలు చేసే తీరిక లేదు కాబట్టి, చాలాచోట్ల 50 కంటే తక్కువుంటే ముందు 20, లేకపోతే 19 అని సర్దేశాం. అప్పటికి సి చదువుకున్నవాళ్ళు జావా అనే మరో భాషకి మారే హడావుడిలో ఉన్నారు. నేను ఆదంబాక్కంలో ఫ్లాటుకి అడ్వాన్సు కట్టాను.

మా అమ్మాయి పైథాన్ భాష మనిషి, అమెరికాలో సన్నీవేల్‌లో ఉంటుంది. నా పని పురావస్తు శాఖ అని ఏడిపించేది. తను రోజూ వాడే నమ్‌పై అనే పైథాన్ లైబ్రరీ మాట్రిక్సు లెక్కలకి లాప్యాక్ అనే మరో లైబ్రరీ మీద ఆధారపడుతుందని, లాప్యాక్ రాసింది ఫోర్ట్రాన్ భాషలో అని, ఫోర్ట్రాన్ పుట్టింది 1957లో అని ఒక్కొక్కటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. 2020 ఏప్రిల్లో, కరోనాకి నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసినవాళ్ళు ముందుకు రావాలని న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ అడిగాడు. అమ్మాయి నుంచి ఫోన్: "అమ్మా, గవర్నర్ నీకోసం వెతుకుతున్నాడు!"

గవర్నర్ దాకా ఎందుకు? రిటైరయ్యాక కూడా తరమణి ఆఫీసువాళ్ళు కారు పంపి మరీ పిలుస్తున్నారు. మా అమ్మాయికంటే చిన్నవాళ్ళు చుట్టూ చేరి, ఫైల్లో 1234567 ఉంటే రిపోర్టులో 12345.67 ఎలా వస్తోంది మేడమ్, పాయింటు ఎక్కడుంది అంటారు. అంకె ఎలా ఉండాలో చెప్పే పిక్చర్ క్లాజులో ఆ 'వీ' చూడండి, పాయింటు అక్కడుందనుకోవాలి, ఫైల్లో దానికి చోటివ్వరు అని చెప్తాను. సార్ గొంతే వచ్చేస్తుంది. ఒకడెవడో వెనకాల నాకు 'డెసిమల్ మేడమ్' అని పేరు పెట్టాడట. పెట్టనీ.

సార్ ఇప్పుడు నంగనల్లూరులో పెద్దబ్బాయి దగ్గర ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు, ఎడమ చెవి వినపడదు. రీయూనియన్‌కి ఆయన్ని తీసుకురావడానికి కారు ఖర్చు డాలర్‌గారు పెట్టుకుంటారు, అడగనక్కర్లేదు. కుర్చీ స్టేజీకి కుడిచెవి తిరిగేలా వేయించండి. ఈ వ్యాసం ముందు ఆయనకే పంపుతున్నాను, చుక్కలు చూసి ఇస్తానన్నారు. కాబట్టి బొంగరం, ప్రెస్సువాడికి ఒక వారం ఆగమని చెప్పు.