కేప్ కాడ్‌లో సొరలు: ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి

ముందే చెప్పేస్తాను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు కేప్ కాడ్ ద్వీపకల్పంలో ఉన్న చాతమ్ ఊరి ఒడ్డున నిలబడితే తెల్ల సొర (గ్రేట్ వైట్ షార్క్) కనబడే అవకాశం చాలా తక్కువ. వీపు రెక్క పైకి పెట్టుకొని తిరగడం సినిమాల్లో సంగతి. ఒడ్డు నుంచి కనిపించేవి సొరలకు తిండి అయ్యే సముద్ర క్షీరదాలు, సీళ్లు. అవి ఇసుక అంచుకు ఎంత దగ్గరగా ఈదుతున్నాయో గమనిస్తే సొర సంగతి సగం తెలుస్తుంది.

శుక్రవారం సాయంత్రం మాత్రం బయల్దేరకండి. ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో వైపు నుంచి 495 హైవే మీద వచ్చేవాళ్లకు బోర్న్ వంతెన, బోస్టన్ నుంచి రూట్ 3 మీద వచ్చేవాళ్లకు సాగమోర్ వంతెన. కేప్ కాడ్‌ను మిగతా రాష్ట్రం నుంచి వేరుచేసే కాలువ దాటడానికి కార్లకు ఉన్నవి ఈ రెండే. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లండి. బన్నులో నాలుగు రొయ్యలంత లాబ్‌స్టర్ పెట్టి ముప్పై డాలర్లకు పైన వసూలు చేస్తారు. శాకాహారికి దొరికేది వేయించిన బంగాళాదుంపలే. చాతమ్ లైట్‌హౌస్ బీచ్ పైన పార్కింగ్ అరగంటే. నేషనల్ సీషోర్ (జాతీయ పార్కు కింద ఉన్న తీరం) బీచ్‌లలో కారుకు 25 డాలర్లు.

చాలామంది చేసే పొరపాటు దక్షిణాన నాంటకెట్ సౌండ్ అనే సముద్రపు పాయ వైపు బీచ్‌కు వెళ్లి సొరల కోసం చూడటం. అక్కడ నీళ్లు వెచ్చగా ఉంటాయి, పిల్లలు ఈదుతారు. సొరల కోసమైతే తూర్పున అట్లాంటిక్ వైపుకు రావాలి: లైట్‌హౌస్ బీచ్, నాసెట్, కోస్ట్ గార్డ్ బీచ్. మేము వెళ్లిన అక్టోబరు మొదట్లో అక్కడ మోకాళ్ల లోతుకు దిగితే కాళ్లు తిమ్మిరెక్కాయి. విశాఖలో జనవరిలో కూడా సముద్రం సుమారు 25 డిగ్రీలుంటుంది. ఇక్కడ నిండు వేసవిలోనే ఆ వెచ్చదనం రాదు. ఇంత చల్లటి నీళ్లలోకి ఫ్లోరిడా నుంచి ఒక చేప ఎందుకొస్తుంది?

తిండి కోసం. మసాచుసెట్స్‌లో 1962 దాకా సీలును చంపితే ప్రభుత్వమే డబ్బిచ్చేది. 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చాక బూడిద రంగు సీళ్లు మళ్లీ పెరిగాయి, చాతమ్ పక్కనున్న మోనమోయ్ ఇసుక దిబ్బల నిండా అవే. వాటి వెనకే సొరలు వచ్చాయి. 2015–18 మధ్య కేప్ కాడ్‌కు వచ్చినవి సుమారు 800 అని ఒక అంచనా.

చలిని తట్టుకునే ఏర్పాటు రక్తనాళాల్లో ఉంది. మన రేవుల్లో దొరికే పాలసొర ఒంటి వేడి సముద్రం వేడే. తెల్ల సొర అలా కాదు. ఏ చేపకైనా మొప్పల దగ్గర రక్తం నీళ్లంత చల్లబడుతుంది, వేడి పోయేది అక్కడే. తెల్ల సొరలో ఎడతెగకుండా ఈదించే ఎర్ర కండ చర్మం కింద కాకుండా వెన్ను పక్కన లోపలికి ఉంటుంది. ఆ కండలోంచి వెచ్చటి రక్తం తెచ్చే సన్నటి నాళాలు, మొప్పల నుంచి చల్లటి రక్తం తెచ్చే నాళాలు ఒకదాన్నొకటి ఆనుకొని ఎదురెదురుగా పారతాయి. వేడి మొప్పల దాకా పోకముందే లోపలికి వచ్చే రక్తంలోకి మళ్లుతుంది. కడుపు, కళ్లు, మెదడు కూడా ఇలాగే వెచ్చగా ఉంటాయి. కడుపు చుట్టూ ఉన్న నీటికంటే 14 డిగ్రీల దాకా ఎక్కువ వేడి ఉన్నట్టు కొలిచారు. అలాస్కా వైపు సాల్మన్ సొరలో ఈ తేడా 20 డిగ్రీలు దాటుతుంది.

గుండెకు మాత్రం ఈ సౌకర్యం లేదు. అది దాదాపు నీళ్లంత చల్లబడ్డ రక్తంతోనే కొట్టుకోవాలి. నా ఉద్దేశంలో అసలు హద్దు ఇదే. సీళ్లు చలికాలమంతా ఈ తీరంలోనే ఉండి జనవరిలో మస్కెగెట్ దీవిలో పిల్లల్ని కంటాయి. అంత తిండి కళ్లముందున్నా నవంబరు దాటేసరికి సొరలు దాదాపు అన్నీ కరొలైనాలు, ఫ్లోరిడా, గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు వెళ్లిపోతాయి. పెద్దవి కొన్ని నడిసముద్రానికి పోయి వెయ్యి మీటర్లకు పైగా లోతుకు దిగి వస్తాయి. దారి ఖర్చుకు కాలేయంలో నిలవ చేసిన నూనె ఉంది. పిల్ల సొరలు ఇంత ఉత్తరానికి రాకుండా ఎక్కువగా లాంగ్ ఐలాండ్ దగ్గరే వేసవి గడుపుతాయి. గంగాళంలో నీళ్లకంటే చెంబులో నీళ్లు తొందరగా చల్లారతాయి కదా.

ఇవన్నీ తెలిసింది ట్యాగుల వల్ల. 2009 నుంచి రాష్ట్ర మత్స్యశాఖ ఇక్కడ ట్యాగులు వేస్తోంది. పైన చిన్న విమానం సొరను వెతికి చెబుతుంది, పడవ ముక్కున నిలబడ్డ మనిషి పొడవాటి కర్రతో వీపు రెక్క మొదట్లో ట్యాగు గుచ్చుతాడు. శబ్దంతో పనిచేసే ట్యాగు, నీళ్లలో పెట్టిన రిసీవరుకు (ఆ శబ్దాన్ని పట్టే పరికరం) కొన్ని వందల మీటర్ల లోపలికి వస్తేనే నమోదవుతుంది. చాలా రిసీవర్లను నీళ్లలోంచి తీశాకే సమాచారం చూడగలరు, వెంటనే కబురు పంపే బోయాలు కొన్నే. అందుకే సొరలు ఎక్కడున్నాయో చూపే షార్క్‌టివిటీ యాప్‌లో ఏమీ చూపించలేదని నీళ్లలోకి దిగకండి. ట్యాగు లేని సొరను ఎవరైనా చూసి చెప్తే తప్ప యాప్‌లో చుక్క రాదు. కేప్ కాడ్‌లో సొరలు దాదాపు సగం సమయం 15 అడుగుల కంటే తక్కువ లోతులోనే తిరుగుతున్నాయని 2021 నాటి అధ్యయనం ఒకటి చెబుతోంది. 2018లో వెల్‌ఫ్లీట్‌లో ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నది కూడా ఒడ్డుకు దగ్గరలోనే. సీళ్లు ఉన్నచోట, నీళ్లు కలకగా ఉన్నప్పుడు, నడుము లోతు దాటకండి. ఊదా రంగు జెండా మీద తెల్ల సొర బొమ్మ ఉంటే ఆ తీరంలో సొరలు తిరుగుతాయని హెచ్చరిక. జెండా లేకపోతే లేవని కాదు. రక్తం ఆపే సామాను ఉన్న పెట్టె ఎక్కడుందో ముందే చూసుకోండి.

సొరను చూసే తీరాలనుకుంటే విమానం తోడున్న పడవ మాట్లాడుకోవాలి. మొత్తం పడవకు వేలల్లో డాలర్లు అడుగుతారు కాబట్టి ఆరుగురు కలిస్తేనే గిట్టుబాటు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మంచి సమయం. గాలి ఎక్కువైనా, మబ్బు పట్టినా విమానం నుంచి కనబడదు, ట్రిప్పు రద్దవుతుంది. డబ్బు కట్టే ముందు వాతావరణం బాగోకపోతే తిరిగి ఇస్తారో లేదో అడగండి.