మారిషస్‌లో ఇద్దరు అప్పన్నలు

మా ముత్తాతకి అన్నగారు ఒకాయన, పేరు అప్పన్న, మారిషస్ చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళి మళ్ళీ రాలేదని మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ చెబుతారు. విశాఖ వైపు సింహాద్రి అప్పన్న పుణ్యమా అని ఆ పేరుకి కొరత లేదు. అసలు చిక్కంతా అక్కడే.

అక్కడి తెలుగావిడ ఒకరు ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షంలో మా అప్పన్నే తమ మూలపురుషుడని ఉంది. ఊరు విశాఖపట్నం జిల్లా అనే ఉంది. కానీ ఆవిడ పంపిన, వాళ్ళ అప్పన్న పాత పెళ్ళి సర్టిఫికెట్లో తండ్రి పేరు వేరు, వయసు లెక్కా కుదరదు. మెయిళ్ళలో తేలేలా లేదని బయల్దేరాను.

పోర్ట్ లూయీలో దిగాక ముందు ఆవిడా నేనూ ఆప్రవాసీ ఘాట్‌కి, అంటే వలస కూలీలు ఓడ దిగిన పాత రేవుకి వెళ్ళాం. 1834 నవంబర్ 2న ‘అట్లాస్’ ఓడలో మొదటి విడత కూలీలు వచ్చింది మొదలు 1920 వరకు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఈ దేశంలో దిగారు. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ని వారసత్వ జాబితాలో చేర్చింది. చూడాల్సిన చోటే, కానీ మా పని ఇక్కడ కాదు, మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో. వలస కూలీల రిజిస్టర్లు అక్కడే భద్రపరిచారు. దరఖాస్తు ఆవిడ పేరు మీదే పెట్టాం. ఆవిడ నన్ను అన్నయ్యా అనే పిలుస్తోంది, తెలుగు కొంచెమే వచ్చు, మిగతాదంతా అక్కడి క్రియోల్ భాష, ఇంగ్లిషు.

ఇలాంటి చోట పేరుని నమ్ముకుంటే పని కాదు. తెలుగు రాని గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, పైగా తండ్రి పేరే తర్వాతి తరానికి ఇంటిపేరైపోయింది. వయసు ఇంకా అధ్వానం. మరణ పత్రంలో వయసు చెప్పింది చచ్చిపోయినవాడు కాదు కదా, పక్కింటివాడో కొడుకో అంచనాగా చెప్పినదే. ఇక ఆన్‌లైన్ వృక్షాలు నాలుగు ఒకే మాట చెబుతున్నాయంటే నాలుగు సాక్ష్యాలున్నట్టు కాదు, ఒకరిది చూసి ముగ్గురు ఎక్కించుకున్నారంతే. నమ్మదగింది కూలీకి ఇచ్చిన నంబరు. అది పనిచోటు మారినా, పెళ్ళయినా మనిషి వెంటే ఉంటుంది. ఆవిడ దగ్గరున్న పెళ్ళి కాగితంలో ఆ నంబరుంది, తన వివరాలు పెళ్ళికొడుకు తానే నిలబడి చెప్పి ఉంటాడు కాబట్టి మొదట దాన్నే పట్టుకున్నాం.

ఆ నంబరు తీస్తే గంజాం జిల్లా అప్పన్న బయటికొచ్చాడు. తండ్రి పేరు పెళ్ళి కాగితంలో ఉన్నదే. వృక్షంలో ఎక్కించిన విశాఖ అప్పన్న వేరే నంబరు, వేరే ఓడ. ఆయన తండ్రి పేరు మాత్రం మా ఇంట్లో తద్దినాలప్పుడు చెప్పుకునే పేరే. అంటే మావాడు ఈయనే అని నాకు ఒళ్ళు జల్లుమంటుండగా ఆవిడ వేలు అదే వరసలో చివరి గడి మీద ఆగింది. కూలి ఒప్పందం గడువు ముగిశాక తిరుగు ఓడలో మద్రాసు వెళ్ళిపోయినట్టు నోటు. ఆ తేదీ తర్వాత చాలా ఏళ్ళకి మారిషస్‌లోని ఫ్లాక్ జిల్లాలో పుట్టిన, ఆవిడ వృక్షంలోని పిల్లలకి ఆయన తండ్రి అయ్యే వీలే లేదు.

ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, వృక్షంలోంచి మా కొమ్మని అక్కడికక్కడే తీసేసింది. గంజాం ఊరి పేరు గుమాస్తా రాతలో ఇద్దరికీ అంతుపట్టలేదు, దాన్ని ఊహించి రాయొద్దు, ఉన్నదున్నట్టు అక్షరాలు దింపుకో అని చెప్పాను.

మా సంగతే తలకిందులైంది. మారిషస్ నుంచి రాలేదనుకున్న మనిషి మద్రాసు దాకా వచ్చాడు, ఇల్లు మాత్రం చేరలేదు. నోటు నిజమో కాదో తేలాలంటే మద్రాసులో దిగినవాళ్ళ జాబితా దొరకాలి. నంబరు, ఓడ పేరు, తేదీ రాసుకున్నాను, ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి ఈసారి వాటితోనే వెళ్తాను.