అరకు కొండల్లో కాఫీ కోతల వేళ

విశాఖ నుంచి కిరండూల్ పాసింజర్లో వచ్చి అరకులో దిగేవాళ్లు చాలామంది చాపరాయి, పద్మాపురం తోటలు చూసుకుని తిరుగుముఖం పడతారు. మేం డిసెంబరులో వెళ్లాం. సర్వీసు జీపు ఆగిపోయిన చోట దిగి, గెడ్డ (వాగు) దాటి గంటసేపు ఎక్కితే ఊరు. ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. మాకు బస ఇచ్చిన ఇంటాయనకు అటవీ హక్కుల పట్టా కింద రెండెకరాల కాఫీ తోట ఉంది. వాలు మీద కాస్త మెట్ట, గెడ్డ పక్కన కొంచెం పల్లం కూడా ఉన్నాయి. భార్య, ముసలి తల్లి ఇంటి దగ్గరుంటారు. పిల్లలిద్దరూ ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నారు.

మంచు విడవకముందే చోడి (రాగి) అంబలి తాగి తోటకు బయల్దేరతారు. ఆరడుగుల ఎడంలో పెట్టిన మొక్కలు, ఎకరాకు సుమారు 1,200. పైన సిల్వర్ ఓక్ నీడ, ఆ మానులకు పాకించిన మిరియాల తీగలు. పూత ఒకేసారి రాదు కాబట్టి పండూ ఒకేసారి పండదు. నవంబరు నుంచి జనవరి దాకా పది పదిహేను రోజులకోసారి మూడు నాలుగు విడతలు కోయాలి. ఎర్రబడ్డ పండునే, కాడ కొమ్మ మీద మిగిలేలా మెలిపెట్టి తీయాలి. దూస్తే వచ్చే ఏటి మొగ్గ పోతుంది. రోజంతా కోస్తే మనిషికి 30, 40 కిలోలు. కూలికి పిలిచే స్తోమత లేదు. ఇవాళ వీళ్ల తోటలో నలుగురు కోస్తే రేపు వాళ్ల తోటలో వీళ్లు కోస్తారు.

అసలు కష్టం సాయంత్రం మొదలవుతుంది. "కోసిన రోజే తొక్క తీసేయాల బాబూ, తెల్లారితే పుల్లబడిపోద్ది," అన్నాడాయన. ముందు పండును నీళ్ల తొట్టిలో పోస్తారు. తేలినవి తాలు, పురుగు కాయలు. వాటిని తీసి విడిగా తొక్కతోనే ఎండబెడతారు, దాన్ని చెర్రీ అంటారు. మునిగినవి తొక్క తీసే యంత్రంలో, చేతితో తిప్పే పల్పర్లో పడతాయి. అందులో డ్రమ్ముకీ పలకకీ మధ్య సందు సరిచేసుకోవడమే పనితనం. సందు బిగిస్తే గింజ చీలుతుంది, వదిలితే పండు తొక్కతోనే బయటికొస్తుంది. కాయ సైజు విడతకో రకంగా ఉంటుంది కనుక ప్రతిసారీ గుప్పెడు పండుతో చూసుకుని బోల్టు తిప్పుతాడు.

తొక్క తీసిన గింజకు జిగురు పట్టి ఉంటుంది. దాన్ని తొట్టిలో మూతవేసి పులియనిస్తారు. మామూలుగా 24 నుంచి 36 గంటలు, చలి ముదిరితే ఇంకాస్త. గడియారం కన్నా చేతిని నమ్మాలి. గింజలను నలిపితే జారకుండా ఇసుకరాయిలా గరగరమనాలి. అంతకుమించి వదిలేస్తే పులుపు వాసన గింజకు పట్టేస్తుంది. ఒక్క తొట్టి చెడినా, దాన్ని మిగతా సరుకులో కలిపితే బస్తాకు బస్తా పోయినట్టే. తర్వాత మూడు నాలుగు నీళ్లు కడగాలి. ఆ నీళ్లన్నీ ఊట దగ్గర్నుంచి కావిడితో మోసినవే. పల్పింగ్ రోజుల్లో భార్యాభర్తలిద్దరూ పడుకునేసరికి పది దాటుతుంది.

ఆరబోతకు టార్పాలిన్ కంటే వెదురు మంచె మీద పరిచిన వల మేలు. కింది నుంచి గాలి ఆడుతుంది, మట్టి వాసన అంటదు. పలుచగా పోసి గంటకోసారి తిరగేయాలి. పొద్దు వాలకముందే కప్పాలి, లేకపోతే మంచుకు మళ్లీ తడుస్తుంది. ఆ కాపలా ముసలమ్మది, కోళ్లను తోలే పని కూడా. మంచి ఎండైతే ఎనిమిది, పది రోజులు. తేమ పది శాతానికి దిగాలి. పంటి కింద గింజ నొక్కుకుపోతే ఇంకా పచ్చిదే. ఈ నెలలోనే బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే నాలుగు రోజుల ముసురుకు గింజ బూజు పడుతుంది. ఎండిన పార్చిమెంటును, అంటే పైపొట్టుతో ఉన్న గింజను, పసుపు, మిరపకాయల పక్కన మాత్రం పెట్టరు. కాఫీ ఏ వాసనైనా లాగేసుకుంటుంది.

ఇన్ని చేతులు పడితే 100 కిలోల పండుకు చేతికొచ్చేది ఇంచుమించు 20 కిలోల పార్చిమెంటు. మరి పండుగానే ఎందుకు అమ్మెయ్యకూడదు? కొందరు అమ్ముతారు. పండుకు ఆ రోజే డబ్బు ముడుతుంది. పార్చిమెంటుకు ధర ఎక్కువే గానీ మూడు వారాలు ఆగాలి. ఆగగలిగే ఇల్లే ఆగుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంట్లో తిండిగింజలు నిండుకుంటాయి, పిల్లల ఖర్చులు వస్తాయి. చెట్టు మీది పచ్చికాయ చూసి షావుకారు అడ్వాన్సు ఇచ్చేది అప్పుడే. అది తీసుకున్నవాడికి డిసెంబరులో ధర అడిగే నోరుండదు. గిరిజన సహకార సంస్థ సీజను ముందు ప్రకటించే ధర తెలిసీ చాలామంది షావుకారుకే తూచడానికి కారణం ఇదే. దీన్ని అమాయకత్వమని రాసేవాళ్లు ఒక సెప్టెంబరు అక్కడ గడిపి రాస్తే బాగుంటుంది.

అడ్వాన్సు జోలికి పోకుండా ఉండటానికే ఈయన మిగతా పనులన్నీ చేస్తాడు. మెట్టలో చోళ్లు, సామలు, నూనెగింజలైన వలిసెలు. పసుపు వేరే. ఆడవాళ్లు తెచ్చిన అడ్డాకులు శుక్రవారం అరకు సంతకు వెళ్తాయి. అక్కడి నుంచి ఉప్పు, నూనె, ఎండుచేపలు వస్తాయి. రోడ్డు పక్కన పసుపు పూల వలిసె చేలున్నవాళ్లు ఫొటోలకు డబ్బులు తీసుకుంటున్నారని పర్యాటకులు సణుగుతుంటారు. తొక్కేసిన చేనుకు అది చాలా తక్కువ.

తోటలో ఆయనకున్న పెద్ద భయం తెల్ల కాండం తొలుచు పురుగు. మొదలు చుట్టూ బెరడు గట్లు తేలి ఆకు పసుపెక్కితే లోపల పురుగు ఉన్నట్టే. ఆ మొక్కను పీకి కాల్చాలి, దాచి లాభం లేదు. ఎండ తగిలే కాండం పగుళ్లలోనే ఈ పురుగు గుడ్లు పెడుతుంది. అందుకే కలప ధర చూసి ఓక్ కొట్టేసిన తోటలు ముందు పోతాయి. ఈయన వదులు బెరడును కొబ్బరిపీచుతో, లోపలి పచ్చపొర గీసుకోకుండా రుద్దుతాడు.

ఫిబ్రవరిలో మిరియాలు. ఒంటి వెదురు నిచ్చెన ఎక్కి కోసి, మరిగే నీళ్లలో నిమిషం ముంచి ఆరబెడితే మూడు కిలోలకు కిలో. మార్చి, ఏప్రిల్‌లలో ఒక మంచి వాన పడితే పదిరోజుల్లో తోటంతా పూస్తుంది. ఆ వాన తప్పితే వచ్చే డిసెంబరు కోత సగానికి పడొచ్చు. ఎవరికి ఎంత అడ్వాన్సు ఇవ్వాలో షావుకారు లెక్క వేసుకునేది కూడా ఆ వానను బట్టే.