సున్నా రాయని రోజు

"ఈ కాగితం ఎందుకు ఖాళీగా ఉంది?" అని మా పర్యవేక్షకురాలు అడిగినప్పుడు నా తప్పేమిటో నాకు అర్థం కాలేదు. వెళ్ళాను, చూశాను, పక్షులు లేవు. లేనివాటి గురించి ఏం రాస్తాను? అదే మాట అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు, పెంచినా బాగుండేది. "అయితే మీరు వెళ్ళనట్టే లెక్క" అంది. మూడింటికి లేచి, మంచు పేరుకున్న మట్టిదారిలో బండి నడుపుకుంటూ పోయిన మనిషితో అనవలసిన మాటేనా ఇది? రెండు రోజులపాటు పంటి కింద రాయిలా ఉండిపోయింది.

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో సేజ్ గ్రౌజ్ అనే కోడిలాంటి అడవి పక్షులను లెక్కపెట్టడం నా ఉద్యోగం. వసంతంలో మగపక్షులు తెల్లవారకముందే ఒక బయలులో చేరి, ఛాతీ మీది రెండు పసుపు తిత్తులు ఉబ్బించి, తోక విప్పి, ఆడపక్షుల ముందు దర్జాగా తిరుగుతాయి. ఆ బయలును లెక్ అంటారు. మొదటిరోజు నాకు 'లెక్క' అనే వినిపించింది. బండి దిగకుండా, కాస్త కాస్త విరామంతో మూడుసార్లు మగవాటిని లెక్కపెట్టి, అన్నిటికన్నా పెద్ద అంకె రాసుకోవాలి. ఏటా అవే బయళ్ళకు వస్తాయి కాబట్టి ఈ అంకెలకు విలువ.

విలువ అంటే మాటవరసకు కాదు. 2008లో ఇక్కడి గవర్నరు ఉత్తర్వు ఇచ్చి, పక్షులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను ప్రత్యేకంగా గుర్తించారు. ఆ హద్దులు గీయడానికి ఆధారం ఈ లెక్కలే. ఆ ప్రాంతాల్లో పక్షులు వాడుతున్న లెక్ చుట్టూ 0.6 మైలు, అంటే దాదాపు కిలోమీటరు మేర, నేల మీద చమురు బావి వంటి కట్టడాలు పెట్టకూడదు. పదేళ్ళపాటు అక్కడ పక్షులు ఆడలేదని తేలితే మాత్రం దాన్ని వదిలేసిన లెక్‌గా రాస్తారు.

నా ఉక్రోషమంతా ఇక్కడే. సున్నా రాస్తే పదేళ్ళ గడువులో ఒక ఏడు తగ్గించినట్టు కదా? ఖాళీగా వదిలితే పక్షికే మేలు కదా? ఇదే ఆవిడతో వాదించాను. జవాబు చెప్పకుండా పాత ఫైలు తీసింది. ఒక లెక్‌కు వరుసగా నాలుగేళ్ళు సున్నా. ప్రతి సున్నా పక్కనా గాలి ఎంత, మంచు ఉందా, గద్ద తిరిగిందా అన్న వివరం. అయిదో ఏట మూడు మగపక్షులు. ముందటి సున్నాలు నమ్మదగ్గవి కాబట్టి ఆ మూడింటిని ఎవరూ అనుమానించలేదు. ఒక్క ఉదయం చూసి లేవని తేల్చడానికి వీల్లేదట. వారమైనా ఎడమిచ్చి మళ్ళీ వెళ్ళాలి, లేదంటే నేల మీద రెట్టలు, ఈకలు వెతకాలి. నేను బండి తలుపు కూడా తీయలేదు.

మా ఇంట్లో బియ్యం లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. కళ్ళంలో మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అనేవాడు మా తాత. అలా పెరిగిన చేయి సున్నా చుట్టడానికి వెనకాడిందని ఆవిడకు చెబుదామనుకున్నాను. మంచి సాకే. కానీ ఆ ఉదయం నన్ను ఆపింది ఆచారం కాదు, చలి.

అయినా ఒక మాట అనకుండా ఉండలేను. కనుచూపు మేర సేజ్ బ్రష్ పొదలున్న దేశంలో ఇంత పట్టింపు సాగుతుంది. మాది ఆంధ్రలో, కర్నూలు వైపు, రోళ్లపాడు పక్క ఊరు. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు, విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బట్టమేక మగది కూడా బయలులో నిలబడి గొంతు తిత్తి ఉబ్బించి ఆడపక్షిని పిలుస్తుంది. దానికి గడ్డినేల ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న మెట్ట చేలు కూడా కావాలి. ఆ చేలు రైతులవి. కాపుదల వల్ల పెరిగిన కృష్ణజింకలు పైరు మేసిపోతే అభయారణ్యం పేరెత్తితేనే మండిపడే మనుషులవి. వాళ్ళలో మా నాన్న ఒకడు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి, బట్టమేకను చివరిసారి ఎప్పుడు చూశావని అడిగాను.

"ఉంటాయిలే, ఎక్కడికి పోతాయి?" అన్నాడు.

"ఏ సంవత్సరం చూశావు?"

"నువ్వు చిన్నప్పుడు."

"నేను అయిదో తరగతిలోనా, పదిలోనా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కోళ్ళను లెక్కపెట్టడానికి అంత దూరం పోయి, ఇప్పుడు నన్ను పరీక్షలు అడుగుతున్నావా?" అని ఫోన్ అమ్మకు ఇచ్చేశాడు.

తొమ్మిదో రోజున మళ్ళీ అదే లెక్‌కు వెళ్ళాను. గాలి లేదు, గద్ద లేదు, మంచు కరిగిపోయింది. మూడుసార్లు చూశాను. తెల్లగా తెల్లారాక దిగి, పొదల మధ్య వంగి వంగి గంటసేపు తిరిగాను. రెట్టలు కనిపించాయి గాని ఎండి తెల్లబడి, వేలితో తాకితే పొడి అయ్యేంత పాతవి. బండిలోకి వచ్చి చేతులు వెచ్చబెట్టుకున్నాక, మొదటి గడిలో సున్నా, రెండో గడిలో సున్నా, మూడో గడిలో సున్నా రాశాను. కింద వివరాల చోట 'పాత రెట్టలు' అని చేర్చాను.