సౌబర్ జట్టు అసలు యజమాని ఎవరు?

తిరుపతి చుట్టుపక్కల ఎకరం భూమి చేతులు మారినా, దస్తావేజులో ఉన్న పేరుతో తృప్తిపడక "అసలు మనిషి ఎవరు?" అని ఆరా తీయడం మావాళ్ల అలవాటు. అదే అలవాటుతో ఫార్ములా వన్ చూసే నాకు రేసుల కంటే, స్విట్జర్లాండ్‌లోని హిన్‌విల్ కేంద్రంగా నడిచిన సౌబర్ జట్టు యాజమాన్యమే ఎక్కువ ఆసక్తి కలిగించింది. ఏడేళ్ల తేడాతో ఆ ఒక్క జట్టు కోసమే రెండుసార్లు ముఖం చూపని కొనుగోలుదారులు వచ్చారు.

2009 జూలైలో పోటీల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించిన అప్పటి యజమాని, జర్మన్ కార్ల సంస్థ బీఎండబ్ల్యూ, సెప్టెంబరులో జట్టును కద్‌బాక్ ఇన్వెస్ట్‌మెంట్స్‌కు అమ్ముతున్నట్టు తెలిపింది. దాని వెనుక ఎవరంటే, మధ్యప్రాచ్యానికీ ఐరోపాకూ చెందిన కొన్ని కుటుంబాలన్నదే జవాబు. అదే వేసవిలో కద్‌బాక్‌కు చెందిన మంటో ఫైనాన్స్, ఇంగ్లండ్‌లో నాలుగో అంచెలో ఆడుతున్న నాట్స్ కౌంటీ ఫుట్‌బాల్ క్లబ్బును చేజిక్కించుకుని, ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఒకప్పటి కోచ్ స్వెన్ గొరాన్ ఎరిక్సన్ అంతటివాడిని తెచ్చి కూర్చోబెట్టింది. నెలలు తిరక్కుండానే ఆ క్లబ్బు ఒక్క పౌండుకు చేతులు మారింది. ఇటు సొమ్మున్న కుటుంబాలేవీ బయటికి రాలేదు, బేరం చెడింది, నవంబరులో జట్టు స్థాపకుడు పీటర్ సౌబరే తన జట్టును తిరిగి తీసుకున్నాడు.

2016 నాటికి జట్టులో జీతాలు ఆలస్యమవుతున్నాయి. జూలైలో లాంగ్‌బో ఫైనాన్స్ అనే మరో అపరిచిత సంస్థ జట్టును కొన్నది. డెహ్రాడూన్‌లో పుట్టిన మోనిషా కాల్టెన్‌బోర్న్ అప్పటికి జట్టు అధిపతి. ఆమె మరుసటి ఏడాది వెళ్లిపోయారు. స్వీడన్ డ్రైవర్ మార్కస్ ఎరిక్సన్ సీటు పదిలంగా ఉండటం చూసి, సొమ్ము స్వీడన్‌దేనని చాలామంది ఊహించారు. ఈసారి ఊహ తప్పలేదు: పానీయాల అట్టపెట్టెలు తయారుచేసే టెట్రా ప్యాక్ సంస్థ కుటుంబానికి చెందిన ఫిన్ రౌసింగ్ పేరు తరువాత బయటపడింది. తోతాపురి గుజ్జు తీసే మా జిల్లాలో అట్టపెట్టెల రసం తాగనివారెవరు?

రెండు సందర్భాల్లోనూ పైకి కనిపించింది ఒకే రకం గోప్యత. హుండీలో గుప్తదానం వేసినవారి పేరు మేము అడగం, ఎందుకంటే వేయగానే వారి పని అయిపోతుంది. రేసు జట్టు యజమాని మాత్రం నెలనెలా వేస్తూనే ఉండాలి. కాబట్టి అసలు మనిషి కోసం వెతికేవారు ముందు జీతాలు పడుతున్నాయో లేదో చూడాలని నా అభిప్రాయం.

2024 మార్చిలో జట్టును నూటికి నూరు శాతం తీసుకుంటున్నట్టు జర్మన్ కార్ల సంస్థ ఆడి (Audi) ప్రకటించినప్పుడు ఆరా తీయడానికి ఏమీ మిగల్లేదు. నిజం చెప్పాలంటే, కొంచెం వెలితిగానే అనిపించింది.