మా పెరట్లో మంచె

నాన్న ఆ చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు గట్టిగా వాసన చూసి, "అమ్మాయ్, ఇది బ్యారన్ చెక్క" అన్నాడు. నార్త్ కరొలైనాలో, జాన్‌స్టన్ కౌంటీలో, ఒక పొలం గట్టు మీద ఉన్నాం. పాత కలప అమ్ముతాను రమ్మన్న పెద్దాయన అది ఏ కట్టడంలోదో మాకింకా చెప్పలేదు. అడిగితే, పొగాకును వేడితో ఆరబెట్టడానికి వాళ్ళ తాత కట్టిన బ్యారన్ నిరుడు కూలిపోయిందనీ, చెక్కంతా దాన్లోదేననీ అన్నాడు. నాన్న అప్పటికే రెండు పలకలు తిరగేసి, కర్రలు ఆనే పట్టెలు ఎక్కడుండేవో వేలితో చూపిస్తున్నాడు.

మాది ఒంగోలు వైపు, కొండపి దగ్గర పల్లె. మా చిన్నప్పుడు ఇంట్లో ఏ మాటయినా పొగాకుతో మొదలై పొగాకుతోనే ఆగేది. ఆకు కోయడం, కర్రలకు అల్లడం, బ్యారన్‌లోకి ఎక్కించడం, రాత్రంతా మేలుకుని వేడి చూసుకోవడం. నాన్న ఆ పని ముప్పై ఏళ్ళు చేశాడు. ఇప్పుడు రాలీ పక్కన ఒక ఊళ్ళో, మా ఇంట్లో, ఆరు నెలలకని అమ్మతో కలిసి వచ్చి, మొదటి నెల అంతా సోఫాలో కూర్చుని ఏ సాయమూ అక్కర్లేని మా సంసారాన్ని చూస్తూ గడిపాడు. గిన్నెలు యంత్రం కడుగుతుంది, గడ్డి మరొకాయన వచ్చి కోస్తాడు. "నాకేదన్నా పని చెప్పమ్మా" అని రోజుకోసారి అడిగేవాడు. నేను "రెస్ట్ తీసుకో నాన్నా" అనేదాన్ని. ఆ మాట ఆయన్ని ఎంత చిన్నబుచ్చిందో చాలా ఆలస్యంగా తెలిసింది నాకు.

పిల్లలు చెట్టు మీద ఇల్లు కావాలని ఏడాది నుంచీ అడుగుతున్నారు. అమ్మాయికి పదేళ్ళు, అబ్బాయికి ఏడు. మా ఆయన రెడీమేడ్ వాటి ధరలు చూసి, ఈ ఏడు కాదులే అన్నారు. ఒక రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే వచ్చినప్పుడు నాన్న నన్ను అడిగాడు, వీళ్ళు అడిగేది మంచెనే కదా అని. అవును, మంచెనే! నాకు ఆ మాట గుర్తొచ్చి ఇరవై ఏళ్ళయింది. జొన్నచేను మధ్యలో నాలుగు గుంజలు పాతి, పైన వాసాలు పరిచి, ఆకులతో నీడ వేసుకునే మంచె. కంకి పాలు పోసుకునే రోజుల్లో పొద్దున్నే ఎక్కి, వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టల్ని తోలేవాళ్ళు. నాకు వడిసెల తిప్పడం రాక ఖాళీ డబ్బా మీద కర్రతో కొట్టేదాన్ని. ఇదంతా చెబుతుంటే పిల్లలు అన్నం కలపడం ఆపేసి విన్నారు. మరుసటి రోజు నుంచి మా ఇంట్లో ట్రీహౌస్ అనే మాట వినపడలేదు.

పాత చెక్కతోనే కట్టాలని పట్టుపట్టింది నాన్న. మన ఊళ్ళలో పాత పెంకుటిల్లు విప్పితే దూలాలు, ద్వారబంధాలు ఎవరూ పారేయరు, ఇంకో ఇంటికి పోతాయి. ఏళ్ళ తరబడి ఎండిన కలప కొత్తదానిలాగా వంకర తిరగదు, అది నిజమే. కానీ ఇక్కడ పాత చెక్కంటే చూసుకోవాల్సినవి ఉన్నాయి, పిల్లలు చేతులు పెట్టే చోటు కదా. కొట్ల వెనక పడేసే, సరుకు పేర్చే చెక్క ప్యాలెట్లు తెచ్చుకుంటే వాటి మీద ముద్ర చూడాలి. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినవి, అవి ముట్టుకోవద్దు. ఇంటి వెనక అరుగులా వేసుకునే డెక్‌ని ఎవరో విప్పేస్తే ఆ పాత చెక్క ఉచితంగా వస్తుందన్నా ఆగి ఆలోచించండి, 2003 చివరి వరకూ ఇళ్ళకు వాడిన ఆ కలపలో చాలాభాగానికి ఆర్సెనిక్ ఉన్న మందు పట్టించేవాళ్ళు. 1978కి ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. ఇవన్నీ చదివి నేను కొత్త చెక్కే కొందామనుకున్నాను. ఆ సమయంలో దొరికింది ఈ బ్యారన్ చెక్క, రంగు లేదు, మందు లేదు, పొగాకు వాసన తప్ప.

తిరిగి వస్తుంటే కారులో అమ్మాయి తాతయ్యకి ఒక కథ చెప్పింది. ఇక్కడ నాలుగో తరగతిలో రాష్ట్ర చరిత్ర చెబుతారు. 1839లో కాస్వెల్ కౌంటీలో, బానిసత్వంలో ఉన్న స్టీఫెన్ అనే కుర్రాడు, బ్యారన్‌లో మంట కాస్తూ నిద్రపోయి, ఉలిక్కిపడి లేచి ఆరిపోతున్న మంట మీద బొగ్గులు వేస్తే, ఆ వేడికి ఆకు పసుపురంగుకి తిరిగిందట. అక్కడినుంచే ఆ రకం పొగాకు పెద్ద వ్యాపారం అయిందని చెబుతారు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. నాన్న అంతా విని, "ఆ పిల్లాడికి ఏమిచ్చారు?" అని అడిగాడు. "నథింగ్ తాతయ్యా. హీ వాజ్ ఎ స్లేవ్." కాసేపు ఎవరం మాట్లాడలేదు. 1920ల్లో గుంటూరు ప్రాంతానికి వచ్చి, తర్వాత మా ఇంట్లో నా ఫీజులు కట్టిన వర్జీనియా పొగాకూ ఆ రకమే, దాని వెనక అలాంటి పిల్లాడొకడు ఉన్నాడని నాకు మా అమ్మాయి చెబితేనే తెలిసింది.

పెరట్లో పెద్ద ఓక్ చెట్టు ఉంది. చెట్ల డాక్టరు ఒకాయన వచ్చి, తట్టి చూసి, పరవాలేదన్నాడు. నాన్న ఆలోచన ఏమిటంటే మంచెను మానుకి తాళ్ళతో బిగించి కట్టడం. అమ్మాయి ఒప్పుకోలేదు. బెరడు కిందే చెట్టు ఆహారం ప్రవహిస్తుందనీ, తాడు చుట్టి ఉంచితే మాను లావయ్యే కొద్దీ అది కోసుకుపోతుందనీ చదివింది, కానీ తెలుగులో చెప్పడం రాక, నాన్న మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కి, "ఇలా అవుతుంది తాతయ్యా, చెట్టుకి" అంది. నాన్న చెయ్యి చూసుకున్నాడు. "నిజమేరా బంగారూ. తుమ్మచెట్టును ఎండబెట్టాలంటే మేమూ చుట్టూ బెరడే వలిచేవాళ్ళం." తాళ్ళ మాట అక్కడితో అయిపోయింది. బోలెడు మేకులు కొట్టడం కన్నా ఒకటి రెండు లావు బోల్టులే చెట్టుకి మేలట, గాయం చుట్టూ చెట్టు తనే గోడ కట్టుకుంటుంది. దీనికోసమే చేసిన బోల్టు ఒకటుంది, ఒరెగాన్‌లో చెట్ల మీద ఇళ్ళు కట్టే మైఖేల్ గార్నియర్ పేరు మీద గార్నియర్ లింబ్ అంటారు. చెట్టు వైపు అవి రెండు, అవతలి వైపు నేలలో పాతిన గుంజలు రెండు. దూలాన్ని బోల్టు మీద కూర్చోబెట్టాం గాని బిగించలేదు, గాలికి చెట్టు ఊగితే జరగడానికి చోటు ఉండాలి. బరువు మోసే దూలాలు, గుంజలు మాత్రం కొత్తవి. నాన్నకి ఇది నచ్చలేదు, బ్యారన్ దూలాన్ని వేలితో తట్టి "ఎంత చేవ ఉందో విను" అన్నాడు. కానీ లోపల పుచ్చు ఉందో లేదో చెవికి పూర్తిగా తెలియదు, పైన ఉండేది పిల్లలు. అక్కడ నేను తగ్గలేదు.

చెట్టు పెరిగితే మంచె కూడా పైకి పోతుందా అని చిన్నవాడికి బెంగ. పోదు, చెట్టు కొసల్లో పొడుగవుతుంది, మాను లావు మాత్రమే అవుతుంది. నాన్న చిన్నప్పుడు వేపమానుకి కొట్టిన మేకు ఇప్పటికీ నడుమెత్తులోనే ఉందట, సగం మానులోకి మునిగిపోయి.

రెండో వారంలో పని ఆగిపోయింది. మానుకి అల్లుకున్న తీగను నాన్న వట్టి చేతులతో లాగేశాడు. మూడేసి ఆకులు, మారేడు దళంలా ఉన్నాయి, అదేం చేస్తుందిలే అనుకున్నాడు. అది పాయిజన్ ఐవీ. మోచేతుల దాకా బొబ్బలు లేచి వారం పైన అవస్థ పడ్డాడు. చూపించి చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ వారమంతా చిన్నవాడు తాతయ్య వెంటే తిరుగుతూ "మూడాకులు, ముట్టుకోకు" అని పాటలా అనేవాడు. వాడికి ఆ వాక్యం ఎవరూ నేర్పలేదు.

మళ్ళీ మొదలుపెట్టాక ఇంకో చిక్కు. ఇక్కడ టూ బై ఫోర్ అని అమ్మే చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలే ఉంటుంది. నాన్న టేపు పెట్టి చూసి, "బాబూ, అరంగుళం తక్కువిచ్చారు, వెనక్కి తీసుకుపోదాం పదండి" అని మా ఆయనతో అన్నాడు. వెనకటి బ్యారన్ చెక్క మాత్రం రంపం కోసినట్టుగా నిండు రెండంగుళాలు ఉంది. ఈ రెండూ కలిపి అడ్డపట్టెలు వేసేసరికి రసమట్టంలో నీటిబుడగ ఒక పక్కకి పోయి కూర్చుంది. ఒక రోజు పనంతా విప్పాం. తర్వాత నాన్న కొత్త పట్టెల మీద పలచటి బద్దలు వేసి ఎత్తు సరిచేశాడు, పిల్లలిద్దరూ కొలిచి చెప్పేవాళ్ళు. మన వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. అమెరికా టేపు మీద కూడా అవే గీతలు! "నాలుగు అంగుళాల మూడు నూళ్ళు" అని మా అబ్బాయి అరిచి చెబుతుంటే మా ఆయన పని ఆపి నా వైపు చూశారు. ఆయన హైదరాబాద్‌లో పెరిగారు, నూలు అనే లెక్క ఆయనకీ కొత్తే.

ఎడమ, కుడి అని నాన్న అనడు. "తూర్పు పక్క ఎత్తు, పడమట దించు" అంటాడు. మొదట పిల్లలు తెల్లమొహం వేశారు, మూడు రోజుల్లో ఎండ చూసి చెప్పడం వచ్చేసింది. చిత్రిక, ఉలి, మూలమట్టం, పేడు, బద్ద, ఈ మాటలూ అలాగే వచ్చేశాయి. ఆదివారం తెలుగు బడికి నాలుగేళ్ళుగా పంపుతున్నాను, అక్కడ చెప్పేవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇంట్లో నేనేం చేశానో ఆ ఎండలో నిలబడితే అర్థమైంది. తినమనడానికి, పడుకోమనడానికి, కోప్పడటానికి తెలుగు. లెక్కలకి, సైన్సుకి, వస్తువు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంగ్లీషు. ఆసక్తి పుట్టే చోట తెలుగును నేనే రానివ్వలేదు. పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెబుతున్నారని బాధపడే నాలాంటి తల్లులకు నేను చెప్పగలిగేది ఒక్కటే, వాళ్ళతో కలిసి ఏదో ఒక పని చెయ్యండి, ఆ పని మీకు తెలుగులో వచ్చినది అయి ఉండాలి. చెక్కపనే అక్కర్లేదు. ఆవకాయ కలపండి, పాదులు తవ్వండి.

చుట్టూ పిట్టగోడలా మూడడుగుల ఎత్తు కంచె పెట్టాం, తల ఇరుక్కోకుండా కర్రల మధ్య నాలుగంగుళాల లోపే సందు. మంచె నేల నుంచి ఆరడుగుల ఎత్తే, కింద చెక్కపొట్టు మందంగా పోశాం. చివరి రోజు అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెన ఎక్కి, పైన కూర్చుని, పిట్టల్ని తోలడానికి చేనేదిరా అని అడిగింది. మరుసటి వేసవికల్లా మొక్కజొన్న వేస్తామని పిల్లలు మాటిచ్చారు.

అక్టోబరులో వాళ్ళు వెళ్ళిపోయారు. జనవరిలో ఒక ఆదివారం ఉదయం అమ్మాయి కోటు వేసుకుని, టేపు జేబులో పెట్టుకుని మంచె ఎక్కింది. నేను కిందనుంచి చూస్తున్నాను. ఫోన్‌లో నాన్న మొహం, వెనక మా ఇంటి వసారాలో దీపం వెలుగుతోంది, అక్కడ రాత్రి.

"తాతయ్యా, పలకల మధ్య సందు పెద్దదైంది. రెండు నూళ్ళు."

"ఏ పక్క?"

ఎండ కోసం ఒకసారి తల తిప్పింది. "తూర్పు పక్క."

"చలికాలం చెక్క ఎండి ముడుచుకుంటుందమ్మా, వానాకాలం మళ్ళీ పూడుతుంది. మేకులు కదిలాయా?"

"ఆగు, చూసి చెప్తా" అని ఫోన్ చెక్క మీద పెట్టేసి మోకాళ్ళ మీద కూర్చుంది.